కాటా తాత రక్తం

గోడౌన్ క్వార్టర్లు,
మంగళవారం

అక్కా,

నా ఫోన్ గోధుమల్లో పడిపోయింది. నవ్వకు. పైనుంచి గింజలు వదిలే గొట్టం దగ్గర వంగి చూస్తుంటే జేబులోంచి జారిపోయింది. మొదటిరోజంతా రాశి లోపల్నించి రింగు వినపడుతూనే ఉంది. నువ్వే చేసుంటావు. ఎత్తడం నా వల్ల కాలేదు, ఎందుకంటే అది నలభై టన్నుల కింద ఉంది.

అందుకని ఇక ఉత్తరాలే. మీ ల్యాబుకి రక్తం తీసుకెళ్ళే వ్యాను రోజు విడిచి రోజు మా క్లినిక్‌కి వస్తుంది. డ్రైవరు మంచోడు, ఉత్తరం సీటు కింద పెట్టుకుని తెస్తానన్నాడు. ఇదే నయం. ఫోన్లో అయితే వెంటనే తిడతావు. ఉత్తరంలో అయితే నీ కోపం చల్లారి వస్తుంది.

అసలు సంగతి చెప్తా. ఎవరికీ చెప్పకు. ఇక్కడ ఏదో జరుగుతోంది. తనిఖీవాళ్ళు వస్తున్నారని మా ఇస్త్రీ మేనేజరు (ప్యాంటు మడత మీద వేలు పెడితే తెగుతుంది, అందుకే ఆ పేరు) గోడౌన్ మొత్తం ఎలుకల మందు పెట్టించాడు. వారం రోజులు. చచ్చిన ఎలుకల్ని గోనెసంచుల్లో ఎత్తి పారేశాం. నేనే మూడు సంచులు మోశాను. ఆ తర్వాత పది రోజులకి జ్వరాలు. ముందు కాటా తాత, బస్తాలు తూచే పెద్దాయన, నీకు చెప్పాను కదా. తర్వాత చిరిగిన సంచులు కుట్టే పిన్ని. తర్వాత మాతో బస్తాలు మోసే రేడియోగాడు, ఆ తర్వాత పొట్టోడు. రేడియోకి జ్వరమొచ్చి నోరు మూసుకున్నాడంటే అర్థం చేసుకో ఎంత జ్వరమో.

ఆ మందు మా నీళ్ళ డ్రమ్ములో కలిసిందని నా గట్టి అనుమానం. డ్రమ్ము మూత రెండు రోజులు తీసే ఉంది. మేనేజరు మాత్రం ఆ డ్రమ్ము నీళ్ళు తాగడు, ఇంటి నుంచి సీసా తెచ్చుకుంటాడు. ఎందుకు తెచ్చుకుంటాడు? నువ్వే చెప్పు.

నిన్న అందరికీ రక్తం తీశారు. గొట్టాలు ఈ వ్యానులోనే మీ దగ్గరికి వస్తున్నాయి. ఎనభై మందివి. అందులో మా ఐదుగురివి జాగ్రత్తగా చూడు. విషం దొరికితే ముందు నాకు చెప్పు. మేనేజరుకి కాదు.

రాత వంకరగా ఉంటే ఏమనుకోకు, చెయ్యి సలుపుతోంది.

నీ తమ్ముడు


ల్యాబు,
గురువారం

తమ్ముడూ,

ఉత్తరం అందింది. ఫోన్ మూడుసార్లు చేశాను. ఎత్తకపోతే అలిగావేమో అనుకున్నాను. గోధుమలు మింగేశాయని నాకేం తెలుసు.

నువ్వడిగిన ఐదు గొట్టాలూ చూశాను. అన్నీ నార్మల్. రిపోర్టులు క్లినిక్‌కి వెళ్ళిపోయాయి. మేము విషం కోసం వెతకలేదు. దానికి వేరే పరీక్షలున్నాయి, అవి మా దగ్గర లేవు. జ్వరాల పరీక్షలే చేశాం.

నేను కొన్ని అడుగుతాను. వేళాకోళం చెయ్యకుండా జవాబు రాయి.

తాతకి జ్వరమొచ్చి సరిగ్గా ఎన్ని రోజులు? తలనొప్పి ఉందా? ఒంటి మీద దద్దుర్లున్నాయా? ఉంటే పొట్టా ఛాతీ మీదా, లేక అరచేతుల్లోనా? ఎక్కడైనా సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు ఉందా? చంకల్లో, నడుం దగ్గర కూడా వెతుకు. ఎలుకలు చచ్చిన తర్వాత గోడౌన్లో పురుగులు ఏమైనా కనపడ్డాయా?

ఇంకొకటి. నీ చెయ్యి ఎందుకు సలుపుతోంది? ఒక్క చెయ్యేనా?

అక్క


గోడౌన్ క్వార్టర్లు,
శనివారం

అక్కగారికి,

"గారు" ఎందుకంటే నువ్విప్పుడు పెద్దవాళ్ళ పక్షం చేరావు కదా.

అన్నీ నార్మలా? కాటా తాత రెండు రోజుల్నించి లేవట్లేదు. నీళ్ళు పట్టిస్తే సగం గడ్డం మీదే కారుతున్నాయి. నిన్న నేనూ రేడియో చెరో చెయ్యీ పట్టుకుని క్లినిక్‌కి తీసుకెళ్ళాం. రేడియోకే జ్వరం, వాడికి తాత ఆసరానో తాతకి వాడు ఆసరానో తెలీలేదు. డాక్టరు మీ రిపోర్టు తీసి చూశాడు.

"రక్తం శుభ్రంగా ఉందయ్యా. నా రక్తం కూడా ఇంత బాగుండదు. వయసు, ఎండ, నీరసం. సెలైన్ పెడతాను, తీసుకెళ్ళండి" అన్నాడు.

"నీరసమైతే ఒళ్ళెందుకు కాలిపోతోందండీ?" అన్నాను.

"నువ్వెంత వరకు చదువుకున్నావు?" అన్నాడు.

తొమ్మిదిలో మానేశానని చెప్పాను. ఆ పైన నాతో మాట్లాడలేదు. రిపోర్టుతోనే మాట్లాడాడు.

మేనేజరు మీ రిపోర్టులు నోటీసు బోర్డుకి అంటించాడు. "జబ్బూ లేదు, విషమూ లేదు, బద్ధకమే ఉంది" అని అందరి ముందూ అన్నాడు. అక్కా, నిజం చెప్పు. వాడు మీ ల్యాబు పెద్దాయన్ని కలిశాడా? నీకు తెలిసే జరిగిందా? నువ్వు చిన్నప్పుడు నా ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పెట్టేదానివి. చెయ్యి తిరిగినదానివి, అందుకే అడుగుతున్నా.

నీ ప్రశ్నలకి జవాబులు. ఈ రోజుకి తాతకి ఏడు రోజులు. తలనొప్పి ఎంతంటే కాటా చప్పుడు వింటే చాలు, కళ్ళు మూసుకుంటున్నాడు. దద్దుర్లు ఉన్నాయి. చొక్కా విప్పి చూశాను. పొట్ట మీదా ఛాతీ మీదా ఎర్రగా చిన్న చిన్నవి. అరచేతుల్లో లేవు. నల్లటి పక్కు ఎక్కడా లేదు. చంకల్లో వెతుకుతుంటే అంత జ్వరంలోనూ "ఏం పోగొట్టుకున్నావురా అక్కడ?" అన్నాడు.

పురుగులా? ఉన్నాయి. నువ్వుగింజంత ఉంటాయి, నల్లగా. రెక్కలుండవు గానీ ఒక్క గెంతు గెంతితే మూరెడు దూరం పడతాయి. ఎలుకల్ని ఎత్తి పారేసినప్పటి నుంచి మా చీలమండల మీద ఒకటే కుట్లు. అందరం గోక్కుంటూనే ఉన్నాం. పురుగు కుడితే దురదొస్తుంది, జ్వరం కాదు. మాట మార్చకు. నీళ్ళ సంగతి చూడు.

చెయ్యి బాగానే ఉంది.

తమ్ముడు


ల్యాబు,
సోమవారం

ఒరేయ్,

ఈ ఉత్తరం నిలబడే చదువు, చదివి వెంటనే క్లినిక్‌కి వెళ్ళు.

నీళ్ళలో ఏమీ లేదు. మీ మేనేజరు చేసిన తప్పు వేరే. ఎలుకల ఒంటి మీద బతికే ఆ గెంతే పురుగుల్ని ముందు చంపి, తర్వాత ఎలుకల్ని చంపాలి. అతను ఎలుకల్నే చంపాడు. ఆ పురుగులకి రక్తం ఇచ్చే ఒళ్ళు లేకుండా పోయింది. మీ ఒళ్ళు దొరికాయి. ఆ పురుగు కుట్టినచోటే రెట్ట వేస్తుంది. దురదపుట్టి గోక్కుంటే గోళ్ళతో పాటు ఆ రెట్టలోని సూక్ష్మజీవి లోపలికి పోతుంది. వారం పది రోజులకి జ్వరం, తలనొప్పి, పొట్ట మీద దద్దుర్లు. దీన్ని టైఫస్ అంటారు. నల్లటి పక్కు ఉంటే ఇంకో రకం అనుకునేదాన్ని, అందుకే వెతకమన్నాను. డాక్సీసైక్లిన్ అని మామూలు మాత్ర, తొందరగా వేస్తే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. ఆలస్యమైతే, అందులోనూ ఆ వయసులో, కిడ్నీలకీ ఊపిరితిత్తులకీ తగులుతుంది.

మీ డాక్టరుకి ఫోన్ చేశాను. మర్యాదగానే విన్నాడు. "అమ్మా, నేనూ అది అనుకోకపోలేదు. కానీ టైఫస్‌లో ప్లేట్‌లెట్లు తగ్గాలి, లివరు కొంచెం దెబ్బతినాలి. మీరే పంపిన కాగితంలో రెండూ నిక్షేపంగా ఉన్నాయి. నేను మీ ఫోన్ని నమ్మనా, మీ కాగితాన్ని నమ్మనా?" అన్నాడు. సరేనండీ అని ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు విను. నిన్న పాత కాగితాలు మళ్ళీ తిరగేశాను. కాటా తాతకి అరవై మూడు. సంచులు కుట్టే పిన్నికి నలభై ఎనిమిది. నీకు ఇరవై రెండు. రేడియో, పొట్టోడు. ఐదుగురికీ హిమోగ్లోబిన్ పదిహేనూ పాయింట్ రెండు. ప్లేట్‌లెట్లు కొద్ది తేడాలో ఒకటే. షుగరు ఒకటే. ముగ్గురు బిడ్డల్ని కన్న పిన్నికి ఇరవై రెండేళ్ళ కుర్రాడి రక్తం ఎలా వచ్చింది?

ఎవరో ఒక్క మనిషి రక్తాన్నే ఐదు గొట్టాల్లో పోశారు. మా ల్యాబు పెద్దాయనకి తెలిస్తే మీ కాంపౌండరు దొంగ గొట్టాలు నింపాడని రాసేస్తాడు, అతని ఉద్యోగం పోతుంది. అతనే చేశాడా? నీకు తెలిస్తే చెప్పు. నాకు కాదు, డాక్టరుకి. ఆ రిపోర్టు తాతది కాదని అక్కడివాళ్ళు ఎవరైనా చెబితేనే అతను మందు మొదలుపెడతాడు.

నీ చెయ్యి బాగానే ఉందన్నావు. నేను అడిగింది ఒక్క చెయ్యేనా అని.

అక్క


క్లినిక్ వరండా,
బుధవారం

అక్కా,

మూడు కాగితాలు చించాను. ఇది నాలుగోది.

నేనే. ఐదు గొట్టాలూ నావే.

రక్తం తీసే ముందురోజు ఒక మాట పాకింది. రక్తంలో జబ్బు కనపడితే పనిలోంచి తీసేస్తారని. తాత రాయిలా కూర్చుండిపోయాడు. ముప్పై ఏళ్ళు కాటా ముందు కూర్చున్న మనిషి. పిన్ని ఏడ్చింది. నాకో ఆలోచన తట్టింది. మా దగ్గర హాజరు పిలిచేటప్పుడు ఎవరైనా ఆలస్యమైతే పక్కవాడు "ఉన్నా" అంటాడు. ఏళ్ళ తరబడి ఉన్నదే. రక్తానికి కూడా పేరు పిలవలేదు, నంబరు చీటీ చూపించి చెయ్యి చాపడమే. దుమ్ముకి అందరి మొహాలకీ గుడ్డలే. రెండు బల్లలు, ఇద్దరు కాంపౌండర్లు, ఎనభై మంది. మా కాంపౌండరు మొహాలు చూడడు, నరాలు చూస్తాడు. టోపీ మార్చి ఒకసారి, చొక్కా మార్చి ఒకసారి. ఎడమ రెండు, కుడి రెండు, ఐదోది చేతి వెనక. "నీ నరం భలే ఉందోయ్" అని ఒకే నరాన్ని రెండుసార్లు మెచ్చుకున్నాడు.

నాకు అది మోసమనిపించలేదు. అందరం ఒకే డ్రమ్ము నీళ్ళు తాగుతాం కదా. విషం ఉంటే నా రక్తంలోనూ ఉంటుంది. జ్వరం లేనివాడిలో విషం దొరికితే అది జబ్బు కాదు, మేనేజరు పనే అని తేలిపోతుంది. ఎవరి పనీ పోదు. ఎంత తెలివైన లెక్కో అనుకున్నాను. తాత ఎంతకీ ఒప్పుకోలేదు. "నా చీటీ నాకియ్యి" అన్నాడు. "నువ్వు పడుకో, నేను చూసుకుంటా" అని లాక్కున్నాను.

నీ ఉత్తరం నిలబడే చదివాను. తర్వాత కూర్చున్నాను. నిజం చెప్తే నన్ను తీసేస్తారు, ఆ నలుగుర్నీ తీసేస్తారు. చెప్పకపోతే కాంపౌండరు పోతాడు, తాత పోతాడు. గంట కూర్చున్నాను. ఆ గంట ఎందుకు కూర్చున్నానో ఇప్పుడు నాకే తెలీడం లేదు.

క్లినిక్‌కి వెళ్ళేసరికి మేనేజరు కూడా ఉన్నాడు. చొక్కా చేతులు రెండూ పైకి మడిచి డాక్టరు బల్ల మీద పెట్టాను. సూది మచ్చలు పచ్చగా మారాయి.

"ఇదేంటి?" అన్నాడు డాక్టరు.

"నోటీసు బోర్డు మీదున్న ఐదు కాగితాలండీ."

కాంపౌండరు దగ్గరికొచ్చి చూశాడు. "అయ్యో, ఇది నేను గుచ్చిందే. ఇదీ నేనే" అన్నాడు. పాపం, ఎంత పెద్ద తప్పు ఒప్పుకుంటున్నాడో వాడికి తెలీలేదు.

"దొంగతనం! ఇది మోసం! వీణ్ణి..." అని మేనేజరు లేచాడు.

"కూర్చోండి," అన్నాడు డాక్టరు. "ముందు ఆ పెద్దాయన్ని తీసుకురండి. రక్తం మళ్ళీ తీస్తాను, కానీ ఫలితం కోసం ఆగను. ఇప్పుడే మందు." నా వైపు తిరిగి, "నీకెన్ని రోజుల్నించి తలనొప్పి?" అన్నాడు. నేను అసలు చెప్పనేలేదు. రెండు రోజులు. చొక్కా ఎత్తితే నాకూ దద్దుర్లే.

తాతని తెచ్చేసరికి మాట తేలిపోతోంది. నన్ను చూసి వాళ్ళబ్బాయి పేరు పెట్టి పిలిచాడు. మందు వేసి పెద్దాసుపత్రికి పంపించారు, ఇంకా కబురు లేదు. మిగతా ముగ్గురికీ మాత్రలిచ్చారు. నేనిక్కడ వరండాలో బెంచీ మీద రాస్తున్నా.

ఒకటడుగుతా. డాక్టరుకి ఫోన్ చేశావు కదా. ఆయన "కాగితాన్ని నమ్మనా" అన్నప్పుడే "ఆ ఐదు కాగితాలూ ఒక్కడివే" అని నువ్వే చెప్పొచ్చు కదా? సోమవారమే మందు పడేది. ఎందుకు చెప్పలేదు?

తమ్ముడు


ఇల్లు,
శుక్రవారం

తమ్ముడూ,

ల్యాబు కాగితం మీద ఇది రాయలేకపోయాను. ఇంట్లో రాస్తున్నాను.

సోమవారం ఉత్తరంలో, నిన్న కాగితాలు తిరగేశానని రాశాను కదా. అబద్ధం. మొదటి రోజే చూశాను. మంగళవారం సాయంత్రం మెషీన్లోంచి కాగితాలు వరసగా వస్తుంటే రెండోది చూసి విచిత్రం అనుకున్నాను, మూడోది చూసి మెషీన్ పాడైందనుకున్నాను. ఐదో కాగితం మీద నీ పేరుంది. అప్పటికింకా నీ ఉత్తరం విప్పలేదు. విప్పి చదివితే చివర్న, చెయ్యి సలుపుతోంది.

ఇలాంటివి కనపడితే మా ల్యాబు పెద్దాయన్ని పిలవాలి, రిపోర్టు ఆపాలి. మాకు మొదటిరోజు నేర్పేది అదే. పిలిస్తే నీ పేరు బయటికొస్తుంది. నువ్వు ఇప్పటికి నాలుగు పనులు మారావు. ఈ ఒక్కచోటే ఏడాది నిలబడ్డావు. అమ్మకి మొన్ననే చెప్పాను, వాడు కుదురుకున్నాడని. "నార్మల్" అని రాసి సంతకం పెట్టాను. అందరూ బాగానే ఉంటారు, మామూలు జ్వరాలు, తగ్గిపోతాయి అని నాకు నేను చెప్పుకున్నాను.

నువ్వు రాసిన దద్దుర్ల సంగతి చదివాక భయమేసింది. డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన అడిగినప్పుడు నోటిదాకా వచ్చింది. చెబితే, "మరి సంతకం ఎందుకు పెట్టారు?" అని అడుగుతాడు. అందుకే నీతో చెప్పించాను. కాంపౌండరు పేరు తెచ్చి నిన్ను భయపెట్టాను. నువ్వు వెళ్తావని నాకు తెలుసు.

గురువారం రిపోర్టు చేరింది, బుధవారం మందు పడింది. ఆరు రోజులురా. నా సంతకం వల్ల ఆ తాతకి ఆరు రోజులు మందు పడలేదు.

ఇది ఎవరికీ తెలీదు. ల్యాబు గమనించలేదనే అందరూ అనుకుంటున్నారు. మా పెద్దాయన కూడా కాంపౌండర్నీ నిన్నూ తిట్టి వదిలేశాడు. నాకీ ఉద్యోగం లేకపోతే అమ్మ మందులూ నువ్వూ ఏమవుతారో నీకు తెలుసు. ఈ ఉత్తరం చదివి చించెయ్. మాత్రలు మాత్రం జ్వరం తగ్గిందని మానెయ్యకు, డాక్టరు చెప్పినన్ని రోజులూ వేసుకో.

అక్క


పెద్దాసుపత్రి, రెండో వార్డు,
మూడు వారాల తర్వాత, ఆదివారం

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదు. కోపంతో కాదు. కోపమే, కానీ దాంతో కాదు. ఏం రాయాలో తెలీలేదు.

ముందు మంచి కబురు. తాత బతికాడు. నాలుగు రోజులు కిడ్నీలు పనిచెయ్యలేదు, మెషీన్ పెట్టారు. ఇప్పుడు కూర్చుంటున్నాడు. ఎడమ చెవి వినపడటం లేదు, అది కొన్నాళ్ళకి వస్తుందో రాదో చెప్పలేమన్నారు. ఆ బుధవారం తీసిన రక్తమూ, రెండు వారాలకి మళ్ళీ తీసినదీ మీ ల్యాబుకే వచ్చాయి కదా, ఆ జబ్బుతో పోరాడటానికి ఒంట్లో పుట్టేదేదో రెండోదాంట్లో ఎన్నోరెట్లు పెరిగిందట. అదే టైఫస్ అని పక్కా అయిందని డాక్టరు నాకు కాగితం చూపించి మరీ చెప్పాడు. ఎంతవరకు చదివానని ఈసారి అడగలేదు.

పిన్ని, రేడియో, పొట్టోడు పనిలో చేరారు. రేడియో మళ్ళీ మొదలెట్టాడు, అందరూ ఆ జ్వరమే నయమంటున్నారు. గోడౌన్లో ముందు పురుగుల మందు కొట్టారు, ఎలుకల సంగతి ఇప్పుడు చూస్తున్నారు. డాక్టరు తనిఖీవాళ్ళకి రాసిన ఉత్తరంలో ఎలుకల మందు సంగతి కూడా ఉంది కాబట్టి మేనేజరు ఎవర్నీ తీసెయ్యలేదు. నన్ను తప్ప. నన్ను తీసేశాడు. అది న్యాయమే.

తాతకి నిన్న అంతా చెప్పాను. కుడి చెవి నా వైపు పెట్టి విన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. "ఒరేయ్, నా చెయ్యి నేను చాపుకునేవాణ్ణి కదరా. నాకు జ్వరమని నేనే చెప్పుకునేవాణ్ణి. పని పోతే నాదే పోయేది. నీకెవరిచ్చారురా ఆ హక్కు?" అన్నాడు. ఆ వెంటనే "నీళ్ళివ్వు" అన్నాడు. ఇచ్చాను. గడ్డం మీద కారలేదు.

తర్వాత ఆయన భార్య అడిగింది. "ల్యాబువాళ్ళకి అంత పెద్ద మెషీన్లున్నాయి కదా బాబూ, ఐదూ ఒకటేనని ఒక్కళ్ళకీ తెలీలేదా?" అని. చాలా మామూలుగా అడిగింది, ఏ అనుమానమూ లేదు ఆవిడకి. పెద్దావిడ నిన్ను పొగుడుతోంది కూడా. జబ్బేంటో కనిపెట్టింది మీ అక్కే కదా, చల్లగా ఉండాలి అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

నీ ఉత్తరం చించలేదు. జేబులోనే ఉంది. ఎవరికీ చూపించను, ఆ భయం పెట్టుకోకు. ఆవిడకి జవాబు చెబుదామని నోరు తెరిచాను, "తెలీలేదమ్మా" అందామని. అది అబద్ధమవుతుందని ఆగిపోయాను. ఒకసారి ఆయన తరఫున నేను చెయ్యి చాపాను, ఏం జరిగిందో చూశాం. ఇప్పుడు నీ తరఫున నేను నోరు విప్పను. అబద్ధమూ చెప్పను, నిజమూ చెప్పను.

నువ్వే రావాలి. మీ ల్యాబు పెద్దాయనకి ముందు చెప్తావో ఇక్కడ ముందు చెప్తావో నీ ఇష్టం. ఉద్యోగం పోతే అమ్మ సంగతి ఇద్దరం చూద్దాం, నాకిప్పుడు ఎలాగూ ఖాళీయే. రెండో వార్డు, కిటికీ పక్క మంచం. సాయంత్రం నాలుగింటికి చూడటానికి పంపిస్తారు. తాత కుడి పక్కన కూర్చో, మెల్లగా చెప్పినా వినపడుతుంది.

నీ తమ్ముడు